గూటినుండి పడిన పిల్ల

చదువవలసిన భాగములు: ద్వితీ. 22:6, 7, మత్తయి 10:29–31, లూకా 12:6

వేసవిలో మన పెరళ్లలో పిచ్చుకలును గోరువంకలును పిల్లలను చేయును. సండే స్కూలు బిడ్డలు క్రిందపడిన పిల్లను దోసిట పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, దీనికి తల్లి లేదు" అందురు. లేదని వారికెవరు చెప్పిరి? అది చూరుమీదనే కూర్చుండి, నోట పురుగుతో, మనమెప్పుడు తొలగుదుమా అని కనిపెట్టుచుండును.

మోషే ధర్మశాస్త్రము పిట్టగూటి సంగతికి రెండు వచనములు కేటాయించినది. తల్లిని పిల్లలతోకూడ పట్టకూడదు, విడిచిపెట్టవలెను. తలిదండ్రులను సన్మానించువారికి వాగ్దానముచేసిన మేలును దీర్ఘాయువునే దేవుడు ఈ ఆజ్ఞకును జతచేసెను. పిట్టయైనను తల్లి తల్లియే.

ఈకలు వచ్చి గెంతుచున్న పిల్ల అనాథ కాదు. పిచ్చుకపిల్ల సుమారు 15 దినములకు గూడు విడుచును. తరువాతను కొన్ని దినములు తల్లియు తండ్రియు దానిని మేపును. పిల్లిని తరిమి, దానిని కొమ్మమీద నుంచి, మనము దూరముగా పోవలెను. ఈకలు రానిదైతే తిరిగి గూటిలో పెట్టవలెను. మనిషి చెయ్యి సోకిన పిల్లను తల్లి చేరనీయదను మాట నిజము కాదు. నోట నీళ్లు పోయకుడి, అవి ఊపిరితిత్తులలోనికి పోయి పిల్ల చచ్చును. పాలు, అన్నము వద్దు; గింజలు తిను పిచ్చుకయు తన పిల్లలకు పురుగులనే పెట్టును. రామచిలుకను పంజరములో పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టప్రకారము నేరము, జాలిపడి పెంచినను నేరమే.

ఇచ్చట మరియొక మాట చెప్పక తప్పదు. పేద విధవరాలి ఆడపిల్లను "మేము సాకుదుము" అని తీసుకొనిపోయి అంట్లు తోమించుట మన సంఘములలో లేదందుమా? ఆ తల్లి బ్రదికియున్నది. బియ్యము ఆమె యింటికే పంపవచ్చును. పిల్లను బడికి పంపుటకు ఆమెకు తోడుపడవచ్చును.

ఎంత చేసినను కొన్ని పిల్లలు చచ్చును. ఏడ్చు బిడ్డను గద్దింపకుడి. రెండు పిచ్చుకలు ఒక కాసుకు, అయిదు రెండు కాసులకు అమ్మబడెను. అనగా అయిదవది కొసరు. ఆ కొసరు పిచ్చుకనైనను తండ్రి మరువడని వానికి చెప్పుడి.

కొల్లేటిలో ఆటపాకయొద్ద అటవీశాఖవారు నీటిలో ఇనుప మంచెలు నిలిపిరి. గూడబాతులు వాటిమీద గూళ్లు కట్టి పిల్లలను తామే పెంచుకొనుచున్నవి. అట్లే పెంకుటిండ్లు పోయి డాబాలు వచ్చినచోట పిచ్చుకకు గూటి చోటు కావలెను. ఒకటిన్నర అంగుళము రంధ్రముగల చిన్న చెక్కపెట్టెను పిల్లికి అందని యెత్తున గోడకు కొట్టుడి. కోతలైన తరువాత వరికంకుల కుచ్చులను ఇంటి చూరునకు కట్టు మన అలవాటు చొప్పున, ఈ యేడు మందిరపు వసారాలోను కట్టుదము.