ఆ మూడో పిన్ను

ఖరగ్‌పూర్,
ఆదివారం మధ్యాహ్నం



నీ మెసేజీ అందింది. కంటి ఆపరేషను అయ్యాక ఫోను చూడొద్దన్నారు కాబట్టి మీ అత్త చదివి వినిపించింది. (కాగితం చూడొద్దని ఎవరూ అనలేదు, అందుకే ఈ ఉత్తరం.) "కొత్త బేస్ గిటారు ఏంపు బుయ్యిమని ఒకటే మోత మామయ్యా, ప్లగ్గు విప్పి ఆ లావు పిన్ను పీకేశాను, ఠక్కున ఆగిపోయింది. నీ మేనల్లుణ్ణి కదా!" అని రాశావట. చివర్న నవ్వే బొమ్మ కూడా ఉందట. మీ అత్తా నవ్వేసి వంటింట్లోకి పోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

ఫోన్ చేసి తిట్టొచ్చు. చేస్తే నువ్వు "సరే మామయ్యా, సరే మామయ్యా" అంటావు, వెనకాల ఎవడో డ్రమ్ములు బిగించుకుంటూ ఉంటాడు, నేనేం అన్నానో నాకే వినపడదు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు.

ముందు మంచిమాట చెప్పాలి. నువ్వు వాయించిన పెళ్ళి రిసెప్షన్ వీడియో ఆపరేషనుకి ముందు మన వీధి గుంటడొకడు తెచ్చి చూపించాడు. అందరూ పాడే పిల్లని చూశారు. నేను నీ ఎడం చెయ్యి చూశాను. చిటికెన వేలు తీగమీద ఎంత నిలకడగా కూర్చుందిరా! చిన్నప్పుడు అదే వేలు నొక్కలేక, ఎర్రగా కందిపోయిందని నా మొహం ముందు పెట్టి ఏడ్చేవాడివి. మీ అమ్మ కూడా చూసింది. ఏమీ అనలేదు, కొంగుతో ముక్కు తుడుచుకుంది. మీ నాన్న పోయాక ఆయన గిటారు ఎక్కడెక్కడ తిరిగి మళ్ళీ ఇంటికొచ్చిందో నీకు తెలిసిందే, అదంతా ఇప్పుడు తవ్వను.

ఇప్పుడు పిన్ను సంగతి. ప్లగ్గులో ఆ మూడోది మిగతా రెండిటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించావా? లావెందుకంటే పొరపాటున కూడా కరెంటు కన్నంలో దూరకూడదని. పొడుగెందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అదే తగలాలి, పీకేటప్పుడు అన్నిటికన్నా చివర అదే వదలాలి. ఇంట్లోకి అందరికన్నా ముందొచ్చి, అందరూ పడుకున్నాక తలుపు గడియ వేసే పెద్దమనిషి లాంటిది. దాన్ని నువ్వు స్క్రూడ్రైవరుతో విప్పి అవతల పారేశావు.

ఏంపు లోపల ఎక్కడో ఫేజు తీగ ఊడి ఇనప డబ్బాకి తగిలిందనుకో. ఎర్తు ఉంటే కరెంటంతా భూమిలోకి పోతుంది, ఫ్యూజు ఎగురుతుంది, నువ్వు నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటికెళ్ళిపోతావు. ఎర్తు లేకపోతే ఏంపు డబ్బా 230 వోల్టుల మీద కూర్చుంటుంది, చూడ్డానికి ఏమీ తేడా ఉండదు. జాక్ కేబులు పైతొడుగు ఆ డబ్బాకే కలిసుంటుంది. దాని గుండా గిటారు బ్రిడ్జికి, బ్రిడ్జి నుంచి తీగలకి. ఆ తీగల మీద నీ వేళ్ళు. ఎదురుగా మైకు. మైకు మైకుసెట్టు వాడిది, వాడి ఎర్తు వాడికుంది. కోరస్ పాడదామని నువ్వు పెదవులు దానికి ఆనిస్తావు. చేతికీ పెదవికీ మధ్య ఏముందో నేను చెప్పాలా? గుండె ఉంది.

భయపెడుతున్నాననుకోకు. 1972 మే నెలలో బ్రిటన్‌లోని స్వాన్సీ ఊళ్ళో స్టోన్ ద క్రోస్ అనే బ్యాండు గిటారిస్టు లెస్లీ హార్వే దాదాపు ఇలాగే స్టేజీ మీద ఎర్తు లేని మైకు పట్టుకుని చనిపోయాడు. 27 ఏళ్ళు. నీకన్నా రెండేళ్ళు పెద్ద.

మన దగ్గరింకా ఘోరం. పూజా పందిళ్ళలో నేను చూడని వైరింగు లేదు. ప్లగ్గే ఉండదు, రెండు తీగల కొసలు ఒలిచి సాకెట్లో పెట్టి, ఊడిపోకుండా చెరో అగ్గిపుల్లా గుచ్చుతారు. ఎర్తు ఏదిరా అంటే సాకెట్ వైపు చూపిస్తారు. మూడు కన్నాలున్నాయి కదా అని! కన్నం వెనకాల తీగ ఉండొద్దా? తీగ ఉన్నా దాని రెండో కొస ఏ గోతిలోకి దిగిందో ఎవరికి తెలుసు? మనదసలే ఎర్రమట్టి నేల. వేసవిలో ఇటికలా ఎండిపోతుంది, అందులో దిగేసిన ఎర్తు పేరుకే ఎర్తు. ఉప్పూ బొగ్గూ వేసి గొయ్యి నింపి, చైత్రం నుంచీ వానలు పడేదాకా బకెట్లతో నీళ్ళు పోసేవాళ్ళం మేం. రైల్వే వర్క్‌షాపులో నా మొదటి ఉద్యోగం అదే. అప్రెంటిస్ అంటే ఏదో అనుకుని కొత్త చొక్కా తొడుక్కుని వెళితే చేతికి బకెట్ ఇచ్చారు. "చెట్టుకి కాదు నాయనా, కరెంటుకి నీళ్ళు పొయ్యి" అన్నాడు మా మేస్త్రీ.

ఆ మేస్త్రీగారిది శ్రీకాకుళం వైపు. నా మొదటి బేస్ గిటారుకి మెట్ల లెక్క చెప్పింది ఆయనే. కొనే స్తోమత లేదు కాబట్టి పాత బోగీ టేకు పలక వేలంలో కొని చెక్కుకున్నాను (రసీదు ఇప్పటికీ ఉంది, మీ అత్త నమ్మదు). తీగ పొడవు 34 అంగుళాలు. దాన్ని 18తో భాగిస్తే మొదటి మెట్టు, మిగిలినదాన్ని మళ్ళీ 18తో భాగిస్తే రెండోది, అలా పోవాలన్నాడు. పాతకాలం వడ్రంగుల లెక్క అది. అసలు భాగించాల్సింది 17.817తో అని నాకు పదేళ్ళ తర్వాత తెలిసింది. తేడా ఎంత, చిటికెడు. కానీ చిటికెలు పేరుకుంటాయి కదా, పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో పడాల్సింది మూడు మిల్లీమీటర్లు ఇవతల పడింది. పైకి పోయేకొద్దీ శ్రుతి దిగిపోయేది. అందుకని ఐదో మెట్టు దాటి నేనెప్పుడూ పైకి పోలేదు. "వీడెంత పద్ధతిగా, అణకువగా వాయిస్తాడో" అని రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ముసలి ఆంగ్లో ఇండియన్లు మెచ్చుకునేవారు. 1951లో లియో ఫెండర్ మెట్లున్న బేసుకి ప్రెసిషన్ అని పేరు పెట్టాడంటే ఊరికే పెట్టలేదు. నాదానికి ఏం పేరు పెట్టాలో నువ్వే చెప్పు.

పికప్పు మాత్రం కలకత్తాలో కొన్నాను, లాల్‌బజార్ దగ్గర రవీంద్ర సరణిలో. తీగలు మాసిపోతే కొత్తవి కొనలేక గంజి వార్చే గిన్నెలో ఉడకబెట్టేవాణ్ణి. చుట్ల మధ్య పేరుకున్న జిడ్డు వదిలి నాలుగు రోజులు ఖణేల్మనేవి. ఆ గిన్నెలో మా అమ్మ మళ్ళీ అన్నం వండలేదు. ఇంతా చేస్తే మా మైకుసెట్టుకి ఉన్నవి బాకా స్పీకర్లు. బేసు అడుగు తీగ సెకనుకి 41 సార్లు ఊగుతుంది, బాకాలో ఆ నాదం ఏం పలుకుతుంది? జనానికి నా వేళ్ళ టిక్కుటిక్కు తప్ప ఏమీ వినపడేది కాదు. ఇళయరాజా పాటల్లో శశిధరన్ వాయించిన బేసు వినాలని క్యాసెట్ ప్లేయర్ని ఖాళీ బియ్యం డబ్బా మీద పెట్టుకునేవాణ్ణి. డబ్బా ఊగితే కాస్త అర్థమయ్యేది. నీకు ఈవేళ పన్నెండంగుళాల స్పీకరుంది, చెవిలో పెట్టుకునే మానిటర్లున్నాయి. వాయించు నాన్నా, కడుపు నిండా వాయించు. మా వంతు కూడా వాయించు.

అసలు విషయానికొస్తాను. ఆ బుయ్యిమనే మోత నాకు పరాయిది కాదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది, నీ అడుగు తీగ మీద మూడో మెట్టు 49. పాట ఆ స్వరంలో ఉంటే రెండూ కలిసి సెకనుకోసారి 'ఊఁ... ఊఁ...' అని ఉయ్యాల ఊగుతాయి, విని చూడు. ఆ మోతంటే నీకెంత చిరాకో నాకూ అంతే చిరాకు. ఎందుకు చెబుతున్నానంటే, ఒకరోజు నేనూ ఆ చిరాకు పడలేకపోయాను.

మీ నాన్న అప్పటికింకా నాకు బావ కాలేదు. రిథమ్ గిటారు వాయిస్తూ పాడేవాడు. గిరిమైదాన్ దాటాక ఒక పూజా పందిరి, సాయంత్రం వాన పడి వెలిసింది, లోడ్‌షెడ్డింగ్, జనరేటరు. ఆయన ఏంపు ఒకటే మోత. కమిటీ వాళ్ళు విసుక్కుంటున్నారు. నేను ఎలక్ట్రికల్ వాణ్ణి కదా, అందరూ నావైపే చూశారు. జేబులోంచి కటింగ్ ప్లయరు తీశాను, ఆకుపచ్చ ఎర్తు తీగ కత్తిరించాను. మోత ఠక్కున ఆగిపోయింది. చప్పట్లు కొట్టారు కూడా.

రెండో పాటలో మీ నాన్న మైకు దగ్గరికి వంగాడు. మొదటి మాట సగంలో ఆగింది. మాట మర్చిపోయాడనుకున్నాను. చూస్తే చెయ్యి తీగలకి అతుక్కుపోయి ఉంది, వేళ్ళు ముడుచుకుపోయాయి, వదలాలనుకున్నా వదలవు. నేను ఆయన దగ్గరికి పరుగెత్తలేదు. బోర్డు దగ్గరికి పరుగెత్తి తీగలన్నీ ఒక్క లాగు లాగాను. వర్క్‌షాపులో నేర్పింది అదొక్కటే ఆ రాత్రి గుర్తొచ్చింది: మనిషిని ముట్టుకోకు, ముందు కరెంటు తియ్యి.

మీ నాన్న పై పెదవి మీద మినపగింజంత నల్లమచ్చ నీకు గుర్తుంది కదా. బీడీ కాలిందని చెప్పాం. ఆయన బీడీ ఎప్పుడు కాల్చాడురా? ఆ తీగ కత్తిరించింది నేనని ఆయన చివరిదాకా ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి తెలియదు. తెలిసే ఊరుకుందేమో కూడా. నువ్వు అడగొద్దు.

"నీ మేనల్లుణ్ణి కదా" అన్నావు చూడు, ఆ మాటకి నిద్ర పట్టలేదు.

మోత పోవడానికి దారులున్నాయి. నీ ఏంపు ఒక సాకెట్లో, మైకుసెట్టు వాడి మిక్సరు పందిరికి అవతలి కొసన ఇంకో సాకెట్లో పెట్టారనుకో, రెండు ఎర్తులు, మధ్యలో నీ కేబులు తొడుగు. ఆ చుట్టులో తిరిగేదే ఆ బుయ్యి. పిన్ను పీకితే చుట్టు తెగింది కాబట్టి మోత ఆగింది, నిజమే. కానీ ఇప్పుడు నీ ఏంపుకున్న ఎర్తల్లా మిక్సరు దాకా పోయే ఆ సన్నటి కేబులే. ఎవడి కాలో తగిలి అది ఊడితే అదీ లేదు. అందుకని మైకుసెట్టు వాడితో స్నేహం చెయ్యి, టీ ఇప్పించు, వాడి బోర్డు నుంచే నీకూ ఒక లైను లాగించుకో. అప్పటికీ మోత ఉంటే నీ గిటారుకీ మిక్సరుకీ మధ్య పెట్టే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అని చిన్న మీట ఉంటుంది, అది నొక్కు. అది కోసేది పాట వెళ్ళే తీగ తొడుగుని, ప్రాణం కాపాడే ఎర్తుని కాదు. తెగ్గొట్టాలంటే అక్కడ తెగ్గొట్టు. నీ బోర్డుకి, కరెంటు కారితే ఠక్కున తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బిగించుకో. నువ్వు పెడలు మీద పెడలు కొంటున్నావుగా, అందులో ఒకదాని ఖరీదు కూడా ఉండదు.

స్టేజీ ఎక్కగానే శ్రుతి చూసుకునే ముందు సాకెట్టు చూడు. టెస్టరు సరిపోదు, అది ఫేజు ఎక్కడుందో చెబుతుంది కానీ ఎర్తు ఉందో లేదో చెప్పదు. హోల్డరుకి రెండు తీగలు కట్టిన పాతకాలం ఫిలమెంటు బల్బు దగ్గరుంచుకో. ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే ఎంత వెలుగుతుందో ఫేజుకీ ఎర్తుకీ పెట్టినా అంతే వెలగాలి. మసగ్గా వెలిగిందా, ఆ ఎర్తు దండగ. ఆర్‌సీసీబీ ఉన్నచోట రెండో పరీక్షకి అది ఎగిరిపోతుంది, కంగారుపడకు, ఎగిరిందంటే ఎర్తు ఉన్నట్టే. తీగలు పట్టుకునేటప్పుడు ఒళ్ళు పొడిగా, కాలికి రబ్బరు చెప్పు. ఒక్క చెయ్యే వాడు, రెండోది జేబులో పెట్టుకో. నవ్వకు. మా మేస్త్రీగారి జేబు అందుకే ఎప్పుడూ చిరిగి ఉండేది.

మిగతావి చాలానే రాద్దామనుకున్నాను. వాయిదాల మీద ఐదు తీగల బేసు కొంటున్నావట, నాలుగు తీగలు చాలవా? సరే, నీ ఇష్టం. దానికి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఒకటి ఎక్స్‌ట్రా పెట్టుకో, వాయించనప్పుడు జాక్ పీకి ఉంచు. రాత్రి ప్రోగ్రాములు అయ్యాక బిరియానీలు తగ్గించు. అమ్మవారి పండక్కి వచ్చేటప్పుడు ఆ స్పీకరు కేబినెట్టు ఒక్కడివే మొయ్యకు. మన ప్లాట్‌ఫాం 1,072 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైందని మేం బళ్ళో గర్వంగా చదువుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి మనల్ని దాటేశాయి. మోసేవాడి భుజానికి మాత్రం ఇప్పటికీ మనదే పొడవు. ఫోన్ చెయ్యి, సైకిలేసుకుని నేనొస్తాను.

డ్యూటీ మీద హౌరా వచ్చే మన పక్క క్వార్టరు అబ్బాయి చేతికి ఒక సంచీ ఇచ్చాను. పైన మీ అత్త పెట్టిన ఆవకాయ సీసా, మూత చుట్టూ గుడ్డ కట్టాను, నిటారుగా పెట్టుకో. అడుగున కొత్త త్రీపిన్ ప్లగ్గు ఉంది. ఎర్ర తీగ ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ పైనున్న లావు పిన్నుకి. నీ ఏంపు తీగలు గోధుమరంగూ నీలమూ అయితే గోధుమది ఫేజు, నీలం న్యూట్రల్. ఆకుపచ్చా పసుపూ చారలున్నది ఎర్తు. దాన్ని మిగతా రెండిటికన్నా ఒక అంగుళం వదులుగా ఉంచి బిగించు, తీగ ఎవరైనా లాగినా అదే ఆఖరున ఊడాలి.

బిగించాక ఫోటో తీసి అత్త ఫోనుకి పంపు. మూత వెయ్యకముందు ఒకటి, వేశాక ఒకటి. మూడు పిన్నులూ కనపడాలి. కళ్ళద్దాలు పెట్టుకుని నేనే చూస్తాను.

ఇట్లు,
మామయ్య