స్పానిష్ క్లాసుకి తెలుగు పట్టుకెళ్ళు

చిరంజీవి చిన్నూకి,

తొమ్మిదో తరగతిలో స్పానిష్ తీసుకున్నావని మీ నాన్న చెప్పాడు. "ఈజీయే అట కదక్కా, జీపీఏ ఏమీ పడిపోదు కదా?" అని కూడా అడిగాడు. వాడి భయం వాడిది. టెక్సస్‌లో హైస్కూలు గట్టెక్కాలంటే ఇంగ్లీషు కాకుండా మరో భాషలో రెండు క్రెడిట్లు ఉండాలి, ఆ రెండూ ఒకే భాషలో ఉండాలి. అందుకని ఎక్కువమంది స్పానిష్ తీసుకుంటారు, రెండేళ్ళు నెట్టుకొస్తారు, ఆ వేసవిలోనే మరిచిపోతారు.

మా రోజుల్లో ఇంటర్మీడియట్‌లో సంస్కృతానిది ఇదే గతి. మార్కులొస్తాయని తీసుకునేవాళ్ళు. నూటికి తొంభై పైన తెచ్చుకుని, సంస్కృతంలో మంచినీళ్ళు అడగడం రానివాళ్ళు మన చుట్టాల్లోనే బోలెడుమంది ఉన్నారు, మీ నాన్న సహా. స్పానిష్‌ని నువ్వు ఆ గతి పట్టించకూడదనే ఈ ఉత్తరం.

మీ పుస్తకం స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్పుతుంది. క్లాసులో అందరికీ తెలిసిన భాష అదే కనుక అది సహజమే. నీకు మాత్రం అంతకన్నా దగ్గర దారి ఉంది, అది మీ వంటింట్లోనే వినబడుతూ ఉంటుంది. శాన్ ఆంటోనియోలో ఫార్మసీ కౌంటరు వెనక నిలబడి నేను స్పానిష్ నేర్చుకున్నది ఆ దారినే. మనబడికి వెళ్ళి తెలుగు చదవడం, రాయడం వంటబట్టించుకున్నావు కాబట్టి ఇదంతా ధైర్యంగా తెలుగులో రాస్తున్నాను.

ముందు ఉచ్చారణ సంగతి. మీ క్లాసులో సగంమంది త, ప, క అనేటప్పుడు గాలి వదులుతారు. ఇంగ్లీషు అలవాటది. స్పానిష్ 'త' మన 'తల'లో 'త'. నాలుక పళ్ళకి తగలాలి. అందుచేత 'టాకో' అనకు, 'తాకో' అను. 'ప', 'క' మనవే. అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. వాటిని ఇంగ్లీషులోలాగా సాగదీసి చివర వంకర తిప్పకూడదు. ఇక అమెరికన్ పిల్లలు నెలల తరబడి సాధన చేసే రెండు 'ర'లు. మామూలు 'ర'తో 'పెరో' అంటే 'కానీ' అని. నాలుక అదిరే 'ర్ర'తో 'పెర్రో' అంటే కుక్క. గుర్రం, బర్రె, ఎర్ర, కర్ర అనగలిగిన నోటికి ఇదో లెక్కా?

మనవాళ్ళు తప్పటడుగు వేసే చోట్లూ లేకపోలేదు. 'వి' అక్షరం చూసి 'వ' అంటాం, అక్కడ పలకాల్సింది 'బ'. 'హెచ్' రాస్తారు గానీ పలకరు, అందుకే పలకరింపు 'ఓలా'. 'జె' కనబడితే గొంతులోంచి 'హ' రావాలి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఊనికతో వస్తుంది. మనం అక్షరాలన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. స్పానిష్‌లో బరువు ఎక్కడ పడిందో దాన్నిబట్టి అర్థమే మారిపోతుంది. మొదటి అక్షరం ఒత్తి 'పాపా' అంటే బంగాళాదుంప, చివరి అక్షరం ఒత్తి 'పపా' అంటే నాన్న. మాట అచ్చుతో గానీ, 'ఎన్', 'ఎస్' అక్షరాలతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరాన్ని ఒత్తాలి. మిగతా మాటల్లో చివరి అక్షరాన్ని. ఈ నియమం తప్పినచోట నెత్తిన చిన్న గీత పెట్టి చూపిస్తారు. పరీక్షలో ఆ గీత మరిచిపోతే మార్కు పోతుంది. మాటల్లో మరిచిపోతే 'అతను మాట్లాడాడు' కాస్తా 'నేను మాట్లాడతాను' అయిపోతుంది.

క్రియల పట్టిక చూసి బెదరకు. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా, ఆబ్లామోస్, ఆబ్లాన్. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు, మాట్లాడతాం, మాట్లాడతారు. ఎవరు మాట్లాడుతున్నదీ క్రియ తోకే చెబుతుంది. 'నేను' అని విడిగా అనాల్సిన పని మనకీ లేదు, వాళ్ళకీ లేదు. మీ క్లాసులో ప్రతి వాక్యానికీ ముందు 'యో' తగిలించే పిల్లల్ని చూస్తావు. యో అంటే నేను. నువ్వలా చెయ్యకు, ఒత్తి చెప్పాల్సి వచ్చినప్పుడే వాడు.

'తూ', 'ఉస్తేద్' గురించి నీకు చెప్పేదేముంది? నువ్వు, మీరు. తేడా ఒక్క చోట మాత్రం ఉంది. ఉస్తేద్ పక్కన వచ్చే క్రియ 'ఆమె', 'అతను' పక్కన వచ్చేదే. కౌంటరు దగ్గరికి వచ్చిన పెద్దావిడని ఉస్తేద్ అంటే మొహం విప్పారేది. మన ఊళ్ళో పెద్దవాళ్ళని 'మీరు' అన్నప్పుడు కనబడే మొహమే అది. స్పెయిన్‌లో స్నేహితుల గుంపుని పిలవడానికి 'బొసోత్రోస్' అని మరొకటి ఉంది. పుస్తకంలో దానికో వరుస ఉంటుంది. మెక్సికోలో అది వాడరు, ఇక్కడ నీకు దానితో పని పడదు. పరీక్షలో అడిగితే తప్ప దాని జోలికి పోకు.

ఇక అందరూ తల బాదుకునే పాఠానికి వద్దాం. 'మె గుస్తా ఎల్ మాంగో.' నాకు మామిడిపండు ఇష్టమని అర్థం. ఇంగ్లీషు దారిన వచ్చినవాళ్ళు 'నేను' ఎక్కడుందని వెతుకుతారు, ఉండదు. పళ్ళు ఎక్కువైతే 'మె గుస్తాన్ లోస్ మాంగోస్' ఎందుకవుతుందో వాళ్ళకి బోధపడదు. నువ్వు 'నచ్చు' పెట్టి చూసుకో. నాకు మామిడిపండు నచ్చింది. నాకు మామిడిపళ్ళు నచ్చాయి. క్రియ పండు వెంట పోతోంది, నీ వెంట రావడం లేదు. 'మె' అంటే మన 'నాకు'. (ఒక్క మాట. 'మె గుస్తాస్' అంటే 'నువ్వు నాకు నచ్చావు' అని. తెలుగులో ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో స్పానిష్‌లోనూ అక్కడికే. మీ బెంచీ మీద కుర్రాడితో సరదాకి కూడా అనకు.)

ఫార్మసీలో రోజంతా వినబడేదీ ఈ వాక్య నిర్మాణమే. 'మె దువేలె లా కబేసా.' నాకు తల నొప్పెడుతోంది. 'మె దువేలెన్ లాస్ పియెర్నాస్.' నాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి. ఇంగ్లీషు 'నా తల' అంటుంది. స్పానిష్ మనలాగే 'నాకు' అని చెప్పాక మళ్ళీ 'నా' ఎందుకంటుంది.

ఇప్పుడు సేర్, ఎస్తార్. ఇంగ్లీషులో ఒక్క క్రియతో సరిపెట్టే చోట స్పానిష్‌కి రెండున్నాయి. శాశ్వతమైనదానికి సేర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని టీచర్లు చెబుతారు. ఆ సూత్రం నాకు మొదటి నుంచీ నచ్చదు. చనిపోయాడనడానికి 'ఎస్తా ముయెర్తో' అంటారు, అది ఎస్తారే. చావుకన్నా శాశ్వతమేముంది?

తెలుగులో చూడు. 'ఆమె డాక్టరు', 'ఇది నా పుస్తకం', 'ఈ రోజు సోమవారం'. వీటిలో క్రియే లేదు. అలాంటి చోట సేర్ వస్తుంది: 'ఎస్'. 'ఆమె అలసిపోయి ఉంది', 'సూపు చల్లగా ఉంది', 'మాడ్రిడ్ స్పెయిన్‌లో ఉంది'. 'ఉంది' ఉన్నచోట ఎస్తార్: 'ఎస్తా'. చోటు చెప్పేటప్పుడు ఎస్తారే అని బట్టీ పట్టినవాళ్ళు పెళ్ళి దగ్గర దెబ్బతింటారు. పెళ్ళి, సభ, పార్టీ లాంటివి ఫలానా చోట జరుగుతాయంటే అక్కడ సేర్ వాడాలి. మనమూ 'పెళ్ళి హైదరాబాదులో' అనేసి ఊరుకుంటాం కదా!

ఇది నూటికి నూరు పాళ్ళు పనిచేస్తుందని చెప్పను. మన 'ఉంది' చాలా పనులు చేస్తుంది, స్పానిష్ వాటిని పంచేసింది. 'బల్ల మీద ఒక పుస్తకం ఉంది' అని కొత్తగా ఒక వస్తువుని చూపించేటప్పుడు 'ఐ' అంటారు. నాకు అన్నయ్య ఉన్నాడు, నాకు ఆకలిగా ఉంది, నాకు పద్నాలుగేళ్ళు, ఈ మూడింటికీ 'తెంగో' అంటారు, 'నా దగ్గర ఉంది' అన్నట్టు. 'ఆమె పొడుగ్గా ఉంటుంది' లాంటివాటికి సేర్ వాడాలి. 'ఆమె పొడుగు' అని కుదించుకుంటే నీ దారి మళ్ళీ కుదురుతుంది. మొదటి ఏడాదికి ఇంతకన్నా నమ్మకమైన గుర్తు నాకు దొరకలేదు.

తెలుగు చెయ్యి వదిలేసే చోటొకటి ఉంది. బల్ల ఆడది, పుస్తకం మగది. ఎందుకని అడగకు, జవాబు లేదు. మనం 'మంచి అబ్బాయి', 'మంచి అమ్మాయి' అని ఒకటే మాటతో పోనిస్తాం. వాళ్ళకి 'చీకో ఆల్తో', 'చీకా ఆల్తా', పొడుగు అన్న మాట కూడా మారాలి. 'ఓ'తో ముగిస్తే మగ, 'ఆ'తో ముగిస్తే ఆడ అన్నది చాలావరకు నిజమే గానీ, చెయ్యి (లా మానో) ఆడది, రోజు (ఎల్ దీయా) మగది. కాబట్టి 'మేసా' అని ఎప్పుడూ రాసుకోకు, 'లా మేసా' అని రాసుకో. హిందీ వచ్చినవాళ్ళు ఇక్కడ మనకన్నా ఓ అడుగు ముందుంటారు, ఒప్పుకోవాలి.

ఇంగ్లీషుని పోలిన మాటల్ని చూసి మోసపోకు. 'ఎంబరసాదా' అంటే సిగ్గుపడిందని అర్థం కాదు, గర్భవతి అని. మా వృత్తిలో ఇంతకన్నా భయపెట్టేది ఇంకోటుంది. రోజుకి ఒకసారి వేసుకోమని మందు సీసా మీద ఇంగ్లీషులో 'వన్స్' అని రాస్తే, ఆ అక్షరాలనే స్పానిష్ చదివేవాళ్ళు 'ఓన్సే' అంటారు. ఓన్సే అంటే పదకొండు. అందుకే ఆ మాట మానేసి '1' అని అంకె వెయ్యమని మా వాళ్ళకి చెబుతూ ఉండేదాన్ని. రెండేళ్ళ తరవాత స్పానిష్ అక్కర్లేదనుకునే మీ నాన్నకి ఈ ముక్క చదివి వినిపించు.

ఫోనులో స్పానిష్ నేర్పే ఆ పచ్చ గుడ్లగూబ ఆటకి అలవాటు పడ్డావని విన్నాను. మాటలు గుర్తుండటానికి పనికొస్తుంది, కాదనను. కానీ అది నీకు ఎదురు మాట్లాడే మనిషి కాదు. మీ స్కూల్లో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్ళతో కలిసి భోజనం చెయ్యి. వాళ్ళలో కొందరు గలగలా మాట్లాడతారు గానీ రాసేటప్పుడు 'బ' ఏ అక్షరంతో రాయాలో తడబడతారు. కొందరు అమ్మ స్పానిష్‌లో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తారు. ఇది నీకు తెలియని సంగతా? 'పార్కెయార్' లాంటి మాట వినబడితే అది తప్పని సరిదిద్దబోకు. కారు పార్క్ చేశామనే మనకి ఆ హక్కు లేదు.

దీన్ని పరాయి భాష అని కూడా అనుకోకు. నేనున్న ఊరు మొదలైంది 1718లో, స్పెయిన్ ఏలుబడిలో. టెక్సస్ 1821 నుంచి 1836 దాకా మెక్సికోలో భాగం. ఎల్ పాసో, అమరిల్లో పేర్లు పెట్టినవాళ్ళ భాష ఇది. మన కన్నా ముందొచ్చింది, ఆ మాటకొస్తే ఇక్కడ ఇంగ్లీషు కన్నా ముందొచ్చింది.

చివరిగా ఒక లెక్క. ఇంగ్లీషు వచ్చిన దౌత్య ఉద్యోగులకి పని జరిగేంత స్పానిష్ నేర్పడానికి అమెరికా విదేశాంగ శాఖ ఆరేడు వందల క్లాసు గంటలు పడుతుందంటుంది. రోజుకి 50 నిమిషాల చొప్పున ఏడాదికి సుమారు 180 రోజులంటే నీ చేతికొచ్చేది 150 గంటలు, రెండేళ్ళకి 300. క్రెడిట్లకి అవి చాలు, భాషకి చాలవు. పైగా రెండో ఏడు భూతకాలాలు రెండూ వస్తాయి. 'ఫుయ్' అంటే వెళ్ళాను, 'ఈబా' అంటే వెళ్ళేదాన్ని. ఆ తేడా దగ్గర క్లాసంతా కొట్టుకుంటుంటే నీకు మంచినీళ్ళ ప్రాయంగా వస్తుంది. అంతవరకు వచ్చి ఆగిపోతే ఎలా? మూడో ఏడు కూడా తీసుకో. మీ నాన్న జీపీఏ అంటే నాకు ఫోన్ చెయ్యమను, వాడి ఇంటర్ సంస్కృతం మార్కులు నాకింకా గుర్తున్నాయి.

మీ అత్త