మోరీ నీటికీ విమానానికీ ఏమిటి చుట్టరికం?

పొద్దున మీరు స్నానం చేసిన నీళ్ళు ఎటు పోయాయి? బాత్‌రూము తూములోంచి మోరీలోకి పోయాయి. ఆ మోరీ పెద్ద కాలువలో కలిసింది. మరి కాలువ? అక్కడినుంచి చాలామంది ఆలోచించరు. నీరు పల్లానికి పోతుంది, మన పెద్దల కాలంనుంచీ ఊరికి పల్లంలో ఉండేది చెరువు. సంగతంతా ఇందులోనే ఉంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ పాత పాలమూరు జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరు 11న మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. గద్వాల కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డలో ఉంది. వనపర్తికి నల్లచెరువు, నాగర్‌కర్నూలుకు కేసరి సముద్రం ఉన్నాయి. మూడు ఊళ్ళకూ పురపాలక సంఘాలున్నాయి. ఇంత ఊరి పురపాలక సంఘం మురుగునీటి లెక్క ఎలా వేస్తుందో ముందు చూద్దాం.

2011 జనాభా లెక్కల నాటికే గద్వాలలో 60 వేలకు పైగా జనం ఉన్నారు. లెక్క తేలికగా ఉండేందుకు సరిగ్గా 60 వేలనుకోండి. భూగర్భ మురుగు కాలువలున్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని ఇంజనీర్లు లెక్కగడతారు. అందులో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. గుణించి చూడండి: రోజుకు సుమారు 65 లక్షల లీటర్లు! పదివేల లీటర్లు పట్టే ట్యాంకర్లయితే 650 కావాలి. అదీ పండుగ రోజనీ, సెలవు రోజనీ లేకుండా ప్రతిరోజూ.

ఈ నీటిలో నూటికి 99 పాళ్ళకు పైగా ఉన్నది ఉత్త నీరే. మిగిలిన కొద్దిపాటి పదార్థమే చిక్కు తెస్తుంది. అన్నం మెతుకులు, సబ్బు, నూనె, మలమూత్రాలు, వాటితోపాటు కోట్లకొద్దీ సూక్ష్మజీవులు. చెరువులోకి చేరిన ఈ సేంద్రియ పదార్థాన్ని బాక్టీరియాలు తింటాయి. తినడం మంచిదే, కాని అవి తినేటప్పుడు నీటిలో కరిగిన ప్రాణవాయువును, అంటే ఆక్సిజన్‌ను, వాడుకుంటాయి. ఎంత వాడుకుంటాయో చెప్పే కొలతనే బి.ఓ.డి. అంటారు. జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం అని దాని తెలుగు.

పట్టణపు మురుగునీటిలో లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాముల బి.ఓ.డి. ఉంటుంది. 250 అనుకుందాం. మన ఎండల్లో, 30 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర, మంచినీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములే. 250ని ఏడున్నరతో భాగించండి. 33 వస్తుంది. అంటే ఒక్క లీటరు మురుగు 33 లీటర్ల శుభ్రమైన చెరువు నీటిలోని ప్రాణవాయువునంతా మింగేయగలదు. ఎండాకాలంలో ఒకనాటి తెల్లవారుజామున చెరువులో చేపలన్నీ వెల్లకిలా తేలాయంటే, ఎవరో విషం కలిపారని ఊరివాళ్ళు అనుమానిస్తారు. చాలాసార్లు అక్కడ విషం ఉండదు, ఊపిరి ఆడకపోవడమే కారణం. తెల్లవారుజామునే ఎందుకు అంటారా? రాత్రంతా కిరణజన్య సంయోగక్రియ జరగదు కనుక.

కర్నూలుకు దిగువన తుంగభద్ర ఒడ్డునే అలంపూర్ ఉంది. అది జోగులాంబ గద్వాల జిల్లాలోది. ఎగువ ఊరు వదిలింది దిగువ ఊరి రేవుకు వస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశం మొత్తంమీద 351 కలుషిత నదీభాగాలను గుర్తించింది. మంత్రాలయంనుంచి మొదలయ్యే తుంగభద్ర భాగం కూడా ఆ జాబితాలో ఉంది. అది జాబితాలోకి ఎక్కిందన్నది మరిచిపోరాదు.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 1858 వేసవిలో లండనులో థేమ్స్ నది కంపుకు పార్లమెంటు సభ్యులు సభలో కూర్చోలేకపోయారు. ఆ తరువాతే అక్కడ పెద్ద మురుగు కాలువలు కట్టారు. అయితే ఆ కాలువలు మురుగును ఊరినుంచి దూరంగా తీసుకుపోయాయే కాని శుద్ధి చేయలేదు. శుద్ధికి గట్టి మార్గం 1914లో మాంచెస్టరులో దొరికింది. ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మురుగునీటిలోకి గాలి ఊది, అడుగుకు దిగిన బురదను పారబోయకుండా మళ్ళీ కొత్త మురుగులో కలిపారు. ఆ బురదనిండా ఆకలిగొన్న బాక్టీరియాలే! వారాలు పట్టే పని గంటల్లో అయిపోయింది. దీన్ని ఉత్తేజిత బురద పద్ధతి అంటారు. మన అమ్మలు కొత్త పాలలో పాత పెరుగు తోడువేయడం లాంటిదే ఇది.

పద్ధతి మంచిదే. కాని గాలి ఊదే మోటార్లు రాత్రింబగళ్ళు తిరగాలి. కరెంటు బిల్లు కట్టాల్సింది చిన్న పురపాలక సంఘం. బిల్లు కట్టలేక మోటార్లు ఆపితే లోపలి బాక్టీరియాలు చస్తాయి. అప్పుడు యంత్రశాల ఉత్త సిమెంటు తొట్టిగా మిగులుతుంది.

అందుకే ఎండ పుష్కలంగా ఉన్న దేశాలకు మరో పద్ధతి నప్పుతుంది. మురుగును వరుసగా మూడు నాలుగు కుంటల గుండా పారనిస్తారు. మొదటిది లోతైన కుంట, అందులో బరువైన మడ్డి అడుగుకు దిగుతుంది. తరువాతవి మీటరు, మీటరున్నర లోతువి. వాటిలో ఆకుపచ్చని శైవలాలు పెరుగుతాయి. శైవలాలు ఎండలో ఆక్సిజన్‌ను వదులుతాయి. దాన్ని బాక్టీరియాలు పీల్చుకుని మురికిని తింటాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడునూ లవణాలనూ శైవలాలు తీసుకుంటాయి. మోటారూ అక్కరలేదు, కరెంటూ అక్కరలేదు. పైగా చివరి కుంటలో ఎండకే రోగక్రిములు చాలావరకు నశిస్తాయి. పాలమూరు ఎండకు ఇంతకంటె మంచి ఉద్యోగం లేదేమో!

దీనికి కావలసింది భూమి. మన 65 లక్షల లీటర్లు 12 రోజులు నిలవాలి, సగటు లోతు మీటరున్నర అనుకుంటే, నీటి విస్తీర్ణమే 52,000 చదరపు మీటర్లు. అది సుమారు 13 ఎకరాలు. గట్లూ బాటలూ దీనికి అదనం.

ఇప్పుడు విమానం సంగతికి వద్దాం. ఈ మూడు ఊళ్ళలో విమానాశ్రయం లేదు. కాని గద్వాలకు దక్షిణాన కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం మొదలయింది. తెలంగాణలో కొత్త విమానాశ్రయాలకు పరిశీలించిన ఆరు చోట్లలో ఒకటి మహబూబ్‌నగర్ జిల్లాలోనిదే. కాబట్టి ఈ ప్రశ్న ఏదో ఒకనాడు మన కౌన్సిల్ బల్లమీదికి రావచ్చు.

13 ఎకరాల నిలువ నీరు, అందులో పురుగులు, నాచు, చుట్టూ నిశ్శబ్దం. పక్షులకు ఇంతకంటె ఏం కావాలి? కొంగలు, బాతులు వాలుతాయి. పక్కనే చెత్తకుప్ప, మాంసపు వ్యర్థాలు ఉంటే గ్రద్దలు ఆకాశంలో గిరికీలు కొడతాయి. పక్షిప్రేమికులకు ఇది పండుగే, విమానం నడిపేవాడికి మాత్రం గుండెదడ.

ఒక గ్రద్ద ఏం చేయగలదులే అనుకోకండి. మీ భౌతికశాస్త్రంలో గతిశక్తి సూత్రం ఉంది: ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణించాలి. గ్రద్ద బరువు 800 గ్రాములు, విమానం వేగం సెకనుకు 70 మీటర్లు అనుకుందాం. నేలనుంచి లేచేటప్పుడు దాదాపు అంత వేగం ఉంటుంది. 0.4 ను 4,900 తో గుణిస్తే 1,960 జౌళ్ళు. పది కిలోల బండరాయిని 20 మీటర్ల ఎత్తునుంచి వదిలితే నేలను ఎంత శక్తితో తాకుతుందో సరిగ్గా అంత. ఇక్కడ గ్రద్ద వేగాన్ని మనం లెక్కలోకే తీసుకోలేదు. విమానం వేగమే చాలు.

1960 అక్టోబరు 4న అమెరికాలోని బోస్టనులో లేచిన విమానం స్టార్లింగు పిట్టల గుంపులోకి పోయింది. గోరింక జాతికి చెందిన ఆ పిట్టలు ఒక్కొక్కటీ వంద గ్రాములు కూడా తూగవు. 62 మంది చనిపోయారు. 2009 జనవరి 15న న్యూయార్కులో బాతుల్లాంటి పెద్ద పక్షులు తగిలి ఒక విమానం రెండు ఇంజన్లూ దెబ్బతిన్నాయి. పైలట్ దాన్ని హడ్సన్ నదిమీద దింపగా, 155 మందీ బతికిపోయారు. అంత నేర్పు, అంత అదృష్టం ప్రతిసారీ కలిసిరావు.

అందుకే మన దేశపు 1937 నాటి విమాన నియమాల్లో 91వది విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించేలా చెత్త వేయరాదనీ, పశువులను కోసి చర్మం ఒలవరాదనీ చెబుతుంది. అమెరికా విమానయాన శాఖ జెట్ విమానాలు తిరిగే చోటికి 10,000 అడుగుల లోపల, అంటే దాదాపు మూడు కిలోమీటర్ల లోపల, మురుగు కుంటలు ఉండవద్దని సలహా ఇస్తుంది.

చిక్కు ఎక్కడుందో చూశారా? పేద పురపాలక సంఘానికి అన్నిటికంటె చవకైన మార్గం కుంటలు. విమానాశ్రయం పక్కన అన్నిటికంటె పనికిరానివీ అవే. కుంటలను దూరంగా పెడదామంటే అంతదూరం మురుగును తోడడానికి మళ్ళీ కరెంటు కావాలి. పోనీ అసలు శుద్ధే చేయకుండా చెరువులోకి వదిలేస్తే పక్షులు రావా? ఇంకా ఎక్కువ వస్తాయి. చెరువులో గుర్రపుడెక్క పెరుగుతుంది, దోమలు పెరుగుతాయి, అంతే తేడా.

ఇలాంటి చోట ఒక చిన్న ఊరు ఏం చేసిందో చెబుతాను. హైదరాబాదునుంచి కొత్తకోట, పెబ్బేరు మీదుగా కర్నూలు దాటిపోయే 44వ నంబరు జాతీయ రహదారిమీదే నేరుగా పోతే, బెంగుళూరుకు ముందు దేవనహళ్ళి వస్తుంది. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరు. 2011లో జనాభా 30 వేల లోపే, దాదాపు మన నాగర్‌కర్నూలంత. 2008 మేలో దాని పక్కనే బెంగుళూరు అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయింది. ఊళ్ళో భూగర్భ కాలువలు లేవు, ఇంటింటికీ గుంతలూ సెప్టిక్ ట్యాంకులే. సెప్టిక్ ట్యాంకు మురుగును పూర్తిగా శుద్ధి చేయదు. బరువైన మడ్డిని అడుగున నిలిపి, నీటిని బయటికి పంపుతుందంతే. రెండు మూడేళ్ళకోసారి ఆ మడ్డిని లారీతో తోడించాలి. తోడిన లారీ దాన్ని ఎక్కడ కుమ్మరిస్తుంది? ఈ ప్రశ్న మన ఊళ్ళలోనూ అడగదగినదే. జవాబు తరచుగా ఊరి బయటి వాగు.

దేవనహళ్ళిలో 2015లో ఈ మడ్డికోసమే రోజుకు ఆరువేల లీటర్లు పట్టే శుద్ధికేంద్రం పెట్టారు. పట్టణం మొత్తానికని కట్టినవాటిలో మన దేశంలో ఇదే మొదటిది. అక్కడ మడ్డి వాలుగా, దానంతటదే కిందికి పారుతుంది. ముందు గాలి తగలని తొట్లలో కుళ్ళి నెమ్మదిస్తుంది. ఆపైన ఇసుక, కంకర పరచిన మడుల్లో ఆరుతుంది. ఆరినదాన్ని ఊరి తడిచెత్తతో కలిపి ఎరువు చేస్తారు. ఊట నీరు కంకరలో నాటిన మొక్కల వేళ్ళమధ్య పారి శుభ్రపడుతుంది. కంకర మడిలో నీరు రాళ్ళ కిందనే ఉంటుంది, పైకి కనబడదు. వాలడానికి నీరు లేదు కనుక కొంగ రాదు! నా దృష్టిలో చిన్న పట్టణాలు మొదట చూడవలసింది ఇలాంటి ఏర్పాటునే, పెద్ద నగరాల యంత్రశాలల నమూనాను కాదు. అయితే ఇది మడ్డికి మాత్రమే మందు. వంటింటి నీరు, స్నానాల నీరు మోరీల్లో పారుతూనే ఉంటాయి. వాటికి వేరే దారి చూడవలసిందే.

విమానాశ్రయం కూడా ఊరికి నీరు పంపుతుందని మరువకండి. సిమెంటు, తారు పరచిన నేలలో వాన ఇంకదు. నూరెకరాల గట్టినేలపై 20 మిల్లీమీటర్ల వాన పడితే 80 లక్షల లీటర్లు పారుతుంది. మన 60 వేలమంది ఊరి ఒకరోజు మురుగుకంటె ఎక్కువ, అదీ ఒకటి రెండు గంటల్లో. దానితో ఇంధనపు చుక్కలు, నూనె, టైర్ల పొడి కొట్టుకువస్తాయి. మంటలార్పే నురుగుల్లో చాలాకాలం వాడిన ఫ్లోరిన్ రసాయనాలు ఇంకా మొండివి. కార్బన్, ఫ్లోరిన్ బంధం ఎంత గట్టిదంటే, మన కుంటలలోని బాక్టీరియాలు దాన్ని తెంచలేవు. వాటిలో ఒకటైన పి.ఎఫ్.ఓ.ఎస్.ను 2009లో స్టాక్‌హోం ఒప్పందం కింద అదుపులో పెట్టారు. కనుక రన్‌వే నీటికి వేరే కాలువ, నూనె పట్టే తొట్టి, వాన ఆగే గుంట ఉండాలి. ఆ గుంట వాన వెలిసిన ఒకటి రెండు రోజుల్లో ఎండిపోయేలా కట్టాలి. లేకపోతే మళ్ళీ పక్షులే!

కొత్త విమానాశ్రయం కట్టేముందు 2006 నాటి పర్యావరణ ప్రభావ ప్రకటన ప్రకారం పర్యావరణ అనుమతి తీసుకోవాలి. అందులో ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఒక భాగం. వాన నీరు ఏ చెరువులోకి పోతుంది, మురుగు ఎక్కడ శుద్ధవుతుంది అని అక్కడ ఊరివాళ్ళు అడగవచ్చు.

ఇక ఒక ప్రయోగం. మూతలున్న లీటరు గాజు సీసాలు రెండు తీసుకోండి. రెండింటిలోనూ చెరువు నీరు నింపండి. ఒకదానిలో అరచెంచా పాలు కలపండి. పాల బి.ఓ.డి. లీటరుకు లక్ష మిల్లీగ్రాముల దాకా ఉంటుంది కనుక, ఆ సీసాలో మురుగునీటికి సమానమైన బలం వచ్చినట్లే. ఇక అసలు మోరీ నీటిని ముట్టుకోనక్కరలేదు. సైన్సు మాస్టారిని అడిగి రెండింటిలోనూ మిథిలీన్ బ్లూ ద్రావణం కొన్ని చుక్కలు వేయండి. గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, మూతలు బిగించి, చీకటి అలమారాలో పెట్టండి. ఆక్సిజన్ ఉన్నంతసేపూ నీలిరంగు ఉంటుంది, అయిపోతే రంగు పోతుంది. ఏ సీసాలో ముందు పోయిందో, ఎన్ని గంటలకు పోయిందో రాసుకోండి. మూడో సీసాను కూడా పాలు కలిపి కిటికీ దగ్గర ఎండలో పెట్టి చూడండి. చెరువు నీరు పచ్చగా ఉన్నదైతే ఫలితం వేరుగా రావచ్చు. ఎందుకో పైన చదివారు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.