చెరకు దీవిలో సొంత బ్యాంకు

పంటకు పెట్టుబడి ఎక్కడ పుట్టునను ప్రశ్న మన రైతులకు క్రొత్తది కాదు. హిందూ మహాసముద్రమునందలి మారిషస్ అను చిన్న దీవి ఈ ప్రశ్ననే ఎదుర్కొని, ఒక బ్యాంకును స్థాపించుకొన్నది. కోరంగి రేవున ఓడలెక్కి వెళ్ళిన మన తెలుగు కూలీలును ఆ దీవి చెరకు తోటలలో చెమటోడ్చినవారే. కావున ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

1810లో ఫ్రెంచివారినుండి ఆంగ్లేయుల వశమైన ఈ దీవికి చాలకాలము చెరకే జీవనాధారము. చెరకు నాటినది మొదలు పంచదార అమ్ముడుపోవువరకు నెలల తరబడి వేచియుండవలెను. ఈలోగా ప్రతి పనికిని రొక్కము కావలెను. 1835లో బానిసత్వము రద్దగుటతో కూలికి కూడ డబ్బు అవసరమైనది. నాడు బ్రిటిషు ప్రభుత్వము యజమానులకు సుమారు 20 లక్షల పౌనుల పరిహార మిచ్చినది. బానిసలుగా బ్రతికినవారికి మాత్రము ఏమియు దక్కలేదు.

అప్పటికి అచ్చట ఉన్న బ్యాంకు ఆంగ్లేయ వర్తకుల పలుకుబడిలో నుండెను. అందుచేత స్థానిక వర్తకులు, తోటల యజమానులు కలసి 1838 సెప్టెంబరు 1న పోర్ట్ లూయిస్ నగరమున మారిషస్ కమర్షియల్ బ్యాంకును నెలకొల్పిరి. చెరకు పంటకు ఋణములిచ్చుట దాని ముఖ్యమైన పని. 1847లో లండనులో సంక్షోభము చెలరేగి, మారిషస్ పంచదారతో వ్యాపారము చేయు పెద్ద సంస్థలు కూలిపోయినవి. మరుసటి యేట పాత బ్యాంకు మూతపడినది; క్రొత్త బ్యాంకు నిలిచినది.

అయితే "సొంత బ్యాంకు" అనగా ఎవరి సొంతము? వాటాలు గలవారిది. కూలీలకు అందులో చోటు లేదు. వారు పైసా పైసా కూడబెట్టి, పెద్ద తోటలనుండి విడదీసి అమ్మిన చిన్న చెక్కలను కొని రైతులైరి. అయినను వారికి అప్పు దొరకుట కష్టమయ్యెను. 1909లో వచ్చిన రాజ విచారణ సంఘము సహకార పరపతిని సిఫారసు చేయగా, 1913లో అందుకు చట్టము వచ్చినది. మన దేశములో అట్టి చట్టము 1904లోనే వెలసినదని పాఠకులకు గుర్తుచేయుచున్నాము.

ఈ బ్యాంకు 1955లో పరిమిత బాధ్యత గల కంపెనీగా మారినది. 1968లో దేశము స్వతంత్రమైనది. 1989లో స్టాకు ఎక్స్‌ఛేంజి ప్రారంభము కాగా, బ్యాంకు వాటాలు అచ్చట అమ్మకమునకు వచ్చినవి. కాని 2003లో, జాతీయ పింఛను నిధి డిపాజిట్లనుండి 88 కోట్ల మారిషస్ రూపాయలకు పైగా అక్రమముగా మళ్ళింపబడినట్లు బయటపడినది. సొమ్ము వృద్ధుల కొరకు దాచినది! నూటయరువది యేండ్లు దాటిన పేరు కూడ లెక్కల తనిఖీకి బదులు కాజాలదని తేలినది.

దీనినుండి మనము గ్రహింపవలసినవి రెండు. బ్యాంకు మన ఊరిలో నున్నంత మాత్రమున మనది కాదు. చిన్న రైతుకు అప్పు పుట్టిననాడే అది మనది. మనదైన పిమ్మట దాని లెక్కలను అడిగి తెలిసికొనుట మన బాధ్యత. మీ ఊరి సహకార సంఘపు సర్వసభ్య సమావేశమునకు ఈసారి తప్పక వెళ్ళుడు. జమాఖర్చులు చదివించుకొని వినుడు.