కొబ్బరి చిప్పకి పచ్చ జుట్టు

చెల్లాయిలూ, వాన పట్టిన సెలవు రోజున పిల్లల చేతికి ఫోను ఇవ్వక తప్పడం లేదంటారు కదా! ఈసారి మన భీమిలిలో ఏ వంటింట్లోనైనా దొరికే కొబ్బరి చిప్ప ఇచ్చి చూడండి.

కళ్ళున్న చిప్పే తీసుకోవాలమ్మా. మూడు కళ్ళలో ఒకటి మెత్తగా ఉంటుంది. దాన్ని మేకుతో మీరే పొడిచి ఇస్తే ఎక్కువైన నీళ్లు దిగిపోతాయి. కింద పళ్లెంలో పాత గాజు పెట్టి, దాని మీద నిలిపితే చిప్ప దొర్లదు. ముక్కూ మూతీ గీసే పని పిల్లలదే. లోపల కుండీ మట్టి నింపి, రాత్రంతా నానిన చోళ్ళు దట్టంగా చల్లి, తడిగుడ్డ కప్పించండి. మొలక కనిపించగానే గుడ్డ తీసేసి కిటికీ దగ్గర పెట్టాలి. వారం పది రోజుల్లో బొమ్మకి జుట్టొస్తుంది. అదంతా వెలుగు వైపే వాలుతుంది. ఎందుకలా అని పిల్లలు అడిగేదాకా చిప్పని తిప్పకండి. లేత వేళ్ల మీద తెల్లటి నూగు చూసి బూజనుకోవద్దు, నీళ్లు పీల్చే కేశాలవి. ముక్కవాసన వస్తే మాత్రం బూజే. మన సముద్రపు తేమకి అది తొందరగా పడుతుంది, అందుకే నీళ్లు పోయకుండా చిలకరిస్తే చాలు.

మట్టి గురించి గట్టిగా చెబుతున్నాను. బీచ్ ఇసుకలో ఉప్పుంటుంది, మొలకలు సరిగా రావు. ఎర్రమట్టి దిబ్బల నుంచైతే గుప్పెడు కూడా తేవద్దు. వేల ఏళ్లలో ఏర్పడిన ఆ దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. పిల్లల్ని తీసుకెళ్లి చూపించి రండి, అంతే.

పెళ్ళిళ్లలో పాలికల్లో నవధాన్యాలు చల్లడం మనకి తెలిసిందే. తిరుమల బ్రహ్మోత్సవాలకి ముందు రోజు అంకురార్పణ కూడా ఇలా విత్తనం చల్లడమే. ఈసారి పెళ్ళింట పాలికలు పెట్టేటప్పుడు పిల్లల్నీ దగ్గర కూర్చోబెట్టుకోండి. వాళ్ల చిప్పలో జరిగిందే అక్కడా జరుగుతుందని తెలుసుకుంటారు.

ఒక్క మాట వినండమ్మా. మొలవని చిప్పని పిల్లలు పడుకున్నాక మార్చి పెట్టకండి. గింజ పుచ్చిందో, నీళ్లెక్కువయ్యాయో వాళ్లనే మట్టి కెలికి చూసుకోనివ్వండి. రెండోసారి చోళ్ళకి బదులు మెంతులు చల్లించండి. చిగుళ్లు వాళ్ల చేతే తుంపించి, ఆ పూట పప్పులో వేయండి.