పాడువడిన పాత కారు కొనదగునా?

రైతు ఎద్దును కొనునపుడు తొందరపడి డబ్బు చెల్లింపడు. పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి ఒక చాలు దున్నించి చూచును. ఆ మీదటనే బేరము. అట్టి రైతే, షెడ్డులో కదలక పడియున్న కారు చవకగా వచ్చుచున్నదని విని, బాగుచేయించి అమ్మినచో లాభము వచ్చునని తలంచి, పంట సొమ్మును ఒక్క పూటలో చెల్లించివేయుట కలదు. మోటారు పని నేర్చిన కుమారుడు ఇంట నున్నచో ఈ ఆశ మరింత బలపడును. ఆశపడుట తప్పుకాదు. సరియైన లెక్క వేసినవానికి ఇందు లాభము లేకపోలేదు. ఆ లెక్క యెట్లు వేయవలయునో ఈ పాఠమున తెలుపుదుము.

1. ధర కట్టు విధము

ఈ వ్యాపారమున లాభనష్టములు కొనుననాడే తేలిపోవును. కావున లెక్కను చివరినుండి మొదలిడవలయును. అదే రకము, అదే సంవత్సరపు కారు, నడుచు స్థితిలో మన ప్రాంతమున ఎంతకు అమ్ముడగుచున్నదో నలుగురిని విచారింపుడు. రూ. 2,00,000 అనుకొందము. తొందరలో అమ్మవలసివచ్చినచో అంత రాదు గాన రూ. 1,80,000 అని వ్రాసికొనుడు. అందుండి ఖర్చులు తీసివేయవలయును:

ఇంజను మరమ్మతు: రూ. 45,000
టైర్లు, క్లచ్చి, బ్యాటరీ: రూ. 25,000
బండిని షెడ్డుకు చేర్చుటకు: రూ. 4,000
భీమా, పేరు మార్పు, పాత జరిమానాలు: రూ. 11,000
సుమారు లక్ష రూపాయలకు నూటికి నెలకు రూపాయి వంతున ఆరు మాసముల వడ్డీ: రూ. 6,000
విప్పిన పిమ్మట బయటపడు లోపములకై, మరమ్మతు ఖర్చులో నాలుగవ వంతు: రూ. 17,500
మన శ్రమకు ప్రతిఫలము: రూ. 20,000

మొత్తము రూ. 1,28,500. మిగిలినది రూ. 51,500. ఆ కారునకు మనము ఇయ్యదగిన ధర ఇంతియే. అమ్మువాడు రూ. 80,000 చెప్పినచో, రెండు లక్షల బండి సగముకంటె తక్కువకే వచ్చుచున్నదని పైకి తోచును. కాని ఆ ధరకు కొన్నచో ఆరు నెలల శ్రమ వృథాయగుటయేగాక చేతినుండి రూ. 8,500 పోవును. వడ్డీని, అనుకోని ఖర్చును, తన శ్రమను లెక్కలో చేర్చకపోవుటయే పలువురు మోసపోవుటకు కారణము.

2. యంత్రపరీక్ష

నమ్మకమైన మేస్త్రీని, అమ్మువానితో సంబంధము లేనివానిని, కూలి ఇచ్చియైనను వెంట తీసికొనిపోవలయును. బ్యాటరీ, సెల్ఫు మోటారు, పెట్రోలు పంపు వంటి ఒక విడిభాగము చెడి నిలిచిపోయిన బండి మంచి బేరము. ఏలయన లోపము తెలిసినది, ఖర్చు తెలిసినది.

ఇంజను నూనె చూచు పుల్లను పైకి తీయుడు. నూనె పాలు కలిపిన తేనీటివలె నున్నచో అందు నీరు చేరినదని గ్రహింపవలయును. గాస్కెటు మాత్రమే పోయినచో ఖర్చు కొలదిగా నుండును; బ్లాకు పగిలినచో ఇంజను పోయినట్లే. బండి నడుచునపుడు నీలిపొగ విడిచినచో నూనె కాలుచున్నదని, రింగులు అరిగియుండునని అర్థము. ఇంజను తిరుగక బిగిసిపోయినచో, విప్పువరకు లోపలి నష్టమెంతో ఎవరును చెప్పజాలరు. తెలియని లోపమునకు ఎల్లప్పుడును గరిష్ఠమైన ఖర్చునే వ్రాసికొనవలయును.

నీట మునిగిన కారు విషయమున మరింత జాగ్రత్త అవసరము. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినపుడు వాహనములెన్నియో నీటిపాలైనవి. అట్టి బండి తుడిచి ఆరబెట్టగనే నడువవచ్చును. కాని తీగల కీళ్లయందు త్రుప్పు మెల్లగా ప్రాకి, నెలల పిమ్మట ఒకటొకటిగా చెడుచుండును. సీట్ల క్రింది బోల్టుల త్రుప్పు, తివాచీ అడుగున ఒండ్రు, దీపములలోపల చెమ్మ దీనికి గుర్తులు. ఇవి కనబడినచో ఆ బేరము విడుచుటయే మేలు.

3. కాగితములు

రిజిస్ట్రేషను పుస్తకములోని ఛాసీ నెంబరు, ఇంజను నెంబరు బండిపై చెక్కిన వానితో సరిపోవలయును. బ్యాంకు అప్పు తీరనిచో బాకీ లేదను పత్రము, 35వ నెంబరు ఫారము రావలయును. పేరు మార్పునకు 29, 30 నెంబరు ఫారములు అవసరము. సొంతకారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములు చెల్లును; తరువాత పరీక్ష చేయించి పునరుద్ధరింపవలయును గాన, గడువు సమీపించిన బండికి ధర తగ్గును.

తిరిగి అమ్మునపుడు సంతకము చేసిన ఫారములు ఇచ్చి ఊరకుండరాదు. పుస్తకములో ఎవరిపేరున్నదో వారే యజమానియని, ప్రమాదనష్టపరిహారమునకు వారే బాధ్యులని సుప్రీంకోర్టు 2018లో తీర్పుచెప్పినది. మూడు చేతులు మారిన బండి ఎక్కడనో ఒకనిని గుద్దినచో ఆ బాధ్యత మన పొలము మీదికి రావచ్చును. ఇక ఒక్క బండితో ఆగక దీనినే వ్యాపారముగా చేయదలచువారు రిజిస్టరింగు అధికారి అనుమతి పొందవలయునని కేంద్రప్రభుత్వము 2022లో నియమము చేసినది.

4. ఏ సొమ్ముతో?

సంఘమున పంటకై తీసికొన్న అప్పును ఇందు పెట్టరాదు. పంట అప్పు కోతనాటికి తీరవలయును. కారు ఎన్నడు అమ్ముడగునో ఎవరెరుగుదురు? విత్తనము, ఎరువు కొను వేళకు సొమ్ము షెడ్డులో చిక్కుకొన్నచో కారుతోపాటు పంటయు పోవును. పూర్తిగా పోయినను ఇల్లు గడచునంత మిగులు సొమ్ము ఉన్నవారే ఇందు దిగదగును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యను సామెతను మరువరాదు.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. పై లెక్కలో కారు అమ్ముడగుటకు ఆరు మాసములకు బదులు సంవత్సరము పట్టినచో, కొనదగిన ధర ఎంతకు దిగును?
2. ఇంజను బిగిసిన బండికి, బ్యాటరీ చెడిన బండికి ఒకే ధర చెప్పినచో దేనిని కొందురు? ఏల?
3. మీ గ్రామమున పేరు మార్పు కాకుండ చేతులు మారిన వాహనములెన్ని? వాని పూర్వ యజమానులకు ఈ తీర్పు సంగతి తెలియునా?