తుపానును చదివేవాళ్లు ఉద్దానం నుంచి రావాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగి ఉన్నాయి. నాటిన ఆరేడేళ్లకు గానీ కాపుకు రాని కొబ్బరి చెట్లు ఒక్క పూటలో పోయాయి. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఆ రోజు బడికెళ్లే వయసున్న పిల్లలు ఇప్పుడు ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉన్నారు. ఈ నాలుగు మాటలూ వాళ్ల కోసమే.

ఇది మన మీదికే ఎందుకొచ్చింది? దీనికింత బలం ఎక్కడిది? ఆ రాత్రి మీకూ ఈ ప్రశ్నలు వచ్చే ఉంటాయి. వీటికి జవాబు వెతకడమే జీవితాంతం చేసే పనిగా పెట్టుకోవచ్చు. వాతావరణ, సముద్ర శాస్త్రాలు ఉన్నది అందుకే. టెక్కలిలోనో పలాసలోనో పదో తరగతి పాసైన పిల్లల ఇంట్లో ఇంజినీరింగ్, మెడిసిన్, పోలీసు, టీచరు అన్న మాటలు వినిపిస్తాయి గానీ ఈ చదువు పేరు వినిపించదు. ఇక వినిపించాలి.

1. భయాన్ని ప్రశ్నగా మార్చుకోండి

వర్షాకాలం ముగిసేసరికి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మోసుకొచ్చిన మంచినీళ్లు బంగాళాఖాతం మీద పలుచని పొరగా పరుచుకుంటాయి. ఉప్పునీటి కంటే మంచినీరు తేలిక. అందుకే పైనీరు కిందినీటితో త్వరగా కలవదు. గాలి ఎంత కలియబెట్టినా లోతులోని చల్లని నీరు పైకి రావడం కష్టమవుతుంది. పైపొర వెచ్చగానే ఉండిపోతుంది. ఆ వేడే తుపానుకు బలం. అక్టోబరు, నవంబరు నెలలంటే మన తీరం ఉలిక్కిపడటానికి ఇదీ ఒక కారణం. గాలిని అర్థం చేసుకోవాలంటే నీటిని కూడా చదవక తప్పదని దీన్నిబట్టే తెలుస్తుంది. తుపానును కళ్లారా చూసిన మీకు ఈ పాఠం పుస్తకంలో ఎదురైనప్పుడు, చూడనివాళ్ల కంటే త్వరగా ఒంటబడుతుంది. ఆ అనుకూలతను వదులుకోకండి.

2. లెక్కలకు భయపడకండి

ఈ చదువుకు పునాది గణితం, భౌతికశాస్త్రం. గాలి కదలికను, అలల నడకను సమీకరణాల్లోనే రాస్తారు, కంప్యూటర్ మీదే లెక్కగడతారు. కాబట్టి ఇంటర్‌లో ఎంపీసీ, డిగ్రీలో గణితం, భౌతికశాస్త్రం ఉండేలా చూసుకోండి. పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాష ఒకటి ఇప్పుడే మొదలుపెట్టండి. కాలేజీ పెద్దదా చిన్నదా అన్న చింత వద్దు. కలనగణితం బాగా వచ్చిన విద్యార్థికి ఏ ఊరి కాలేజీ అయినా అడ్డు కాదు.

3. దగ్గరి తలుపు ముందు తట్టండి

పలాసలో రైలెక్కితే ఒకవైపు విశాఖ, మరోవైపు బరంపురం. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. 1950ల తొలినాళ్లలో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ అక్కడికి వచ్చి, విద్యార్థులతో కలిసి మన తీర సముద్రాన్ని పరిశోధించారు. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. ఇంకా పైచదువులకు భువనేశ్వర్, ఖరగ్‌పూర్ ఐఐటీలు, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఉన్నాయి. ఏ కోర్సుకు ఏ అర్హత కావాలో ఆ ఏటి నోటిఫికేషన్ మీరే చదివి తెలుసుకోండి. వాళ్లూ వీళ్లూ చెప్పిన మాట మీద ఆగిపోకండి.

4. అంచనా వేయండి, తప్పును లెక్కగట్టండి

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చదివిన టి.ఎన్. కృష్ణమూర్తి తర్వాత అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో ప్రపంచ ప్రసిద్ధుడైన వాతావరణ శాస్త్రవేత్త అయ్యారు. ఆయన రూపొందించిన సూపర్ ఎన్‌సెంబుల్ పద్ధతి సూత్రం ఇది: అనేక కంప్యూటర్ నమూనాలు గతంలో ఎక్కడ ఎంత తప్పాయో ముందు లెక్కగట్టాలి, దాన్నిబట్టి ఒక్కోదానికి ఎంత విలువ ఇవ్వాలో తేల్చి, అన్నిటినీ కలిపి కొత్త అంచనా చెప్పాలి. ఈ పద్ధతి మీ జీవితానికీ పనికొస్తుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ గాలి ఎటునుంచి వీస్తోంది, మబ్బు ఎలా ఉంది, వాన పడిందా అన్నవి రాయండి. రేపు ఎలా ఉంటుందో మీ అంచనా కూడా రాయండి. మర్నాడు సరిచూసుకోండి. ఆరు నెలలకు మీ పరిశీలన ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ బలహీనమో మీకే తెలుస్తుంది. పరీక్షల్లో పోయిన మార్కులనూ ఇలాగే చూడండి.

5. నేర్చింది ఊరికి అర్థమయ్యేలా చెప్పండి

1977 నవంబరులో దివిసీమ ఉప్పెన పది వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర పెనుబలంతో తీరం దాటినా మృతుల సంఖ్య పదుల్లోనే ఉంది. ముందే అందిన హెచ్చరిక, దాన్ని నమ్మి లక్షలాది మందిని తరలించడం కలిసి సాధించిన ఫలితం ఇది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల ఎత్తు, చేపలు దొరికే ప్రాంతాల సమాచారం మత్స్యకారులకు అందిస్తోంది. కానీ "రేపు వేటకెళ్లొచ్చా బాబూ?" అని అడిగే పెద్దాయనకు పటం, అంకెలు చూపిస్తే చాలదు. ఆరెంజ్ హెచ్చరికకూ రెడ్ హెచ్చరికకూ తేడా ఏమిటో, ఏ ఊరి వాళ్లు ఎప్పుడు కదలాలో ఆయన మాటల్లోనే చెప్పగలగాలి. శాస్త్రం చదివిన ఉద్దానం బిడ్డ చెబితే ఆ మాటకు విలువ ఎక్కువ.

ఉద్యోగాల సంగతి

ఇది త్వరగా డబ్బులొచ్చే దారి అని నేను చెప్పను. పరిశోధనలోకి వెళ్లాలంటే పీహెచ్‌డీ దాకా చదవాలి, ఓపిక కావాలి. అయితే దారులు మూసుకుని లేవు. 2022లో భారత వాతావరణ శాఖలో 990 సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నోటిఫికేషన్ ఇచ్చింది. ఇన్‌కాయిస్, పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, ఇస్రో ఉన్నాయి. ఓడరేవులకూ, పవన విద్యుత్తుకూ, పంటల బీమాకూ వాతావరణం తెలిసినవాళ్లు కావాలి. ఒడిశా భద్రక్ జిల్లాలో పుట్టిన మృత్యుంజయ్ మహాపాత్ర 2019లో భారత వాతావరణ శాఖకే అధిపతి అయ్యారు. తుపాన్లు చూస్తూ పెరిగిన తీరం నుంచి ఆ కుర్చీ దాకా వెళ్లవచ్చని ఆయన చూపించారు.

బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏటా పుడతాయి. వాటిని ఆపడం ఎవరి చేతుల్లోనూ లేదు. ముందుగా తెలుసుకుని ప్రాణాలు కాపాడటం మాత్రం చదువుకున్న మనిషి చేతుల్లో ఉంది. తల్లిదండ్రులారా, మీ అబ్బాయో అమ్మాయో ఈ చదువు పేరెత్తితే కాదనకండి. విద్యార్థులారా, ఈ రోజే నోటుపుస్తకం తెరవండి, మొదటి అంచనా రాయండి.